ఊపిరి మీద కన్ను

1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ తాలూకాకు జిల్లా కేంద్రం బీదరు. రాష్ట్రాల పునర్విభజనలో నిర్ణా సర్కిల్ తప్ప మిగతా తాలూకా అంతా మెదక్ జిల్లాలో కలిసింది. నారాయణఖేడ్ తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ కూడా దానితోపాటే ఇటు వచ్చాయి. కచేరీ పనులకు కొత్త జిల్లా కేంద్రం సంగారెడ్డి దారి పట్టిన జనం రోగానికి మాత్రం బీదరును వదులుకోలేదు. బీదరు ముప్పై కిలోమీటర్లు, హైదరాబాదు నూరు దాటుతుంది. కాన్పు అడ్డం తిరిగినా, కడుపులో గడ్డ లేచినా దగ్గరున్నది బీదరు మెథడిస్టు మిషన్ దవాఖానా. అక్కడ కానిదయితే హైదరాబాదు.

అలా ఆపరేషన్ కోసం ఊరు దాటే మనిషి ఒంటరిగా వెళ్ళడు. వెంట ఇద్దరో ముగ్గురో, ఓ మూట బియ్యం, గిన్నెలు. దవాఖానా ఆవరణలోనే పొయ్యి పెట్టుకుని వండుకునేవారు, రాత్రి రోగి పక్కన నేలమీద పడుకునేవారు. మన ప్రాంతపు శస్త్రచికిత్స చరిత్రను ఇప్పటిదాకా సర్జన్ల పేర్లతో, భవనాలకు శంకుస్థాపన చేసిన తేదీలతో రాసుకుంటూ వచ్చాం. కత్తి పెట్టకముందు, పెట్టినప్పుడు, కుట్లు వేశాక రోగిని కనిపెట్టుకుని ఉండే పని ఎవరిదన్న ప్రశ్నతో అదే చరిత్రను చదివితే వరస చాలా మారిపోతుంది. పేరున్న డాక్టర్లు కొందరు పక్కకు జరుగుతారు. పేరు దొరకని ఆడవాళ్ళు చాలామంది ముందుకొస్తారు.

ఆ ప్రశ్న మన వైద్య గ్రంథాలకు కొత్తది కాదు. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు చెప్పిన చరకుడు, పరిచారకుడికి ఉండాల్సిన గుణాలనూ నాలుగుగా లెక్కపెట్టాడు: ఉపచారం తెలిసి ఉండటం, నేర్పు, రోగి మీద అనురాగం, శుచి. సుశ్రుతుడు శస్త్రకర్మను ముందు చేసేది, ప్రధానమైనది, తరవాత చేసేది అని మూడుగా విడదీశాడు. చాలా శస్త్రకర్మలకు ముందు రోగికి తేలికపాటి తిండి పెట్టమన్నాడు. మూలవ్యాధి, మూత్రాశయంలో రాయి, అడ్డం తిరిగిన కాన్పు వంటి కొన్నిటికి మాత్రం కడుపు ఖాళీగా ఉండాలన్నాడు. ఇంత చెప్పినా పరిచారకుడు మన దగ్గర ఒక వృత్తిగా నిలబడలేదు. ఆ పని ఇంటి ఆడవాళ్ళ మీదో మంత్రసాని మీదో పడింది, శతాబ్దాల తరబడి అలాగే సాగింది.

హైదరాబాదులో పాశ్చాత్య వైద్యం చదువు 1846లో మొదలైంది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మెక్లీన్ పర్యవేక్షణలో తెరిచిన ఆ వైద్య పాఠశాలలో పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. చదువు ముగించినవారికి హకీం పట్టా. అదే ఏడాది అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ పీల్చిన రోగికి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడు నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను తెచ్చాడు. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల, కాలిగోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫాంతో నిమిషాల్లో చనిపోయింది. గోరు తీయించుకోబోయిన పిల్ల ప్రాణం పోవడం వైద్యలోకాన్ని కుదిపేసింది. ముందు ఆగింది ఊపిరా, గుండెనా అన్న తగాదా అప్పుడు రాజుకుని అరవై ఏళ్ళు నడిచింది. అందులో పెద్ద ఘట్టం మన హైదరాబాదులో జరిగింది.

1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ, ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. గురువు చెప్పిందే అతనికి వేదం: క్లోరోఫాం ఇచ్చేవాడు నాడి పట్టుకు కూర్చోకూడదు, ఊపిరిని చూడాలి. లండన్ వైద్యులు కాదన్నారు. తన మాట నిరూపించడానికి లారీ 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్‌ను నడిపించాడు. లాన్సెట్ పత్రిక దాన్ని తేలిగ్గా తీసిపారేసింది. పత్రిక ప్రతినిధి వచ్చి కళ్ళారా చూడాలంటూ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889 చివర్లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. రెండో కమిషన్ కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి లారీదే సరైన మాటని తేల్చింది.

అది తప్పని 1911లో తేలింది. పిల్లుల మీద ప్రయోగాలు చేసిన గుడ్‌మన్ లెవీ, మత్తు పూర్తిగా ఎక్కని దశలో క్లోరోఫాం గుండె లయను ఒక్కసారిగా చెదరగొట్టి చంపగలదని చూపించాడు. లారీ ఓడిపోయాడు. చరిత్రకారులు అతన్ని మొండివాడిగా చిత్రించి అక్కడితో పేజీ తిప్పేస్తారు. సిద్ధాంతాన్ని పక్కనపెట్టి కమిషన్ ఇచ్చిన ఆచరణ సూచనలు చదివితే మాత్రం అవి వార్డు గోడకు అతికించే నియమాల్లా ఉంటాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ దగ్గర, ఛాతీ మీద, పొట్ట మీద బిగుతుగా ఏ గుడ్డా ఉండకూడదు. రోగి ఎంత పెనుగులాడినా సహాయకులుగానీ పక్కన నిలబడ్డవారుగానీ ఛాతీని, పొట్టను అదిమి పట్టకూడదు. కనుగుడ్డును వేలి కొసతో తాకితే రెప్ప ఆడకపోతే మత్తు ఎక్కినట్టు. అన్నిటికీ మించి, మత్తు ఇచ్చే మనిషి చూపు ఊపిరి మీదే ఉండాలి. సర్జన్ చూసేది కోతనే కాబట్టి రోగిని చూడటానికి మరో మనిషి కావాలన్నది ఇందులో దాగిన మాట. లారీ ఓడిన తరవాత కూడా ఈ మాట ఓడలేదు.

ఆ మరో మనిషి హైదరాబాదులో ఒక స్త్రీ అయింది. 1885లో వైద్య పాఠశాలలో చేరిన తొలి అయిదుగురు అమ్మాయిల్లో పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. 1889లో హకీం పట్టా పుచ్చుకుని క్లోరోఫాం ఇవ్వడాన్నే తన పనిగా చేసుకున్నారు. 1909లో ఎడింబరో వెళితే మత్తు విద్యకు అక్కడ ప్రత్యేకమైన కోర్సే లేదు. అందుకు పనికొచ్చే భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని వచ్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకునేవాళ్ళున్నారు. తొలి, మలి లెక్క ఎలా ఉన్నా, పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు కత్తి కిందికి వచ్చిన ఆ రోజుల్లో తలాపున కూర్చున్నది ఒక స్త్రీ కావడం చిన్న సంగతి కాదు. ఆ వాతావరణంలోనే 1906లో విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాది పడింది. 1908 సెప్టెంబరు మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. దాని స్థానంలో లేచిన ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925 నాటికి పూర్తయింది. వరదలో నూటయాభై మందిని కొమ్మల మీద నిలబెట్టి బతికించిందని చెప్పే చింతచెట్టు ఆ ఆవరణలో ఇంకా ఉంది.

మత్తు గురించి ఇంత రాద్ధాంతం నడుస్తున్న కాలంలో నర్సు ఎక్కడుంది? సరిగ్గా 1889-90 దరిదాపుల్లో, అమెరికాలోని బాల్టిమోర్‌లో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆపరేషన్ థియేటర్‌లో పరికరాలు అందించే నర్సు కరోలైన్ హాంప్టన్ చేతులు మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణానికి పుండ్లు పడ్డాయి. ఆమె చేతుల కోసం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి రబ్బరు తొడుగులు చేయించాడు. 1890లో ఆమెను పెళ్ళి చేసుకున్నాడు, ఆమె ఉద్యోగం మానేసింది. రోగి చీము పట్టకుండా బతకడానికి ఆ తొడుగులే సాయం చేస్తున్నాయని లెక్కలు తీసి ఒప్పుకోవడానికి మరో దశాబ్దం పట్టింది. నర్సు చర్మం కోసం పుట్టిన వస్తువు రోగి కడుపును కాపాడింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ అయితే ఇంకా ముందే, 1863లో, థియేటర్‌ను ఆనుకుని చిన్న గదులుంటాయని, ఆపరేషన్ ప్రభావం నుంచి తేరుకునేదాకా రోగులను అక్కడే ఉంచుతారని ఆసుపత్రుల మీద తన పుస్తకంలో రాసింది. ఇవాళ్టి రికవరీ రూమ్‌కు అది తొలి ఆనవాలు.

తెలుగు నేలమీద ఈ వృత్తి మిషన్ ఆసుపత్రుల గుమ్మం గుండా వచ్చింది. గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టి, 1898లో ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. మెదక్‌లో వెస్లియన్ మిషన్, డిచ్‌పల్లిలో 1915 నుంచి కుష్ఠు ఆసుపత్రి, బీదరులో మెథడిస్టులు. డాక్టరు ఎక్కడో పుట్టి ఓడెక్కి రావచ్చు. రోజుకు మూడు పూటలా వార్డులో తిరిగే మనిషి మాత్రం ఇక్కడి భాష మాట్లాడాలి. అందుకే ఈ ఆసుపత్రులు స్థానిక అమ్మాయిలకు పని నేర్పక తప్పలేదు. వచ్చిన అమ్మాయిల్లో ఎక్కువమంది క్రైస్తవులు, వాళ్ళలోనూ దళిత కుటుంబాలవారు ఎందరో. పరాయివాడి రక్తం, చీము, మూత్రం ముట్టుకునే పనికి ‘పెద్ద’ కులాల ఇళ్ళు ఆడపిల్లల్ని పంపలేదు. చరకుడు శుచిని పరిచారకుడి గుణంగా చెప్పిన దేశంలో, గాయాన్ని శుచిగా ఉంచే పనికే మైల అంటగట్టారు. ఆ చిన్నచూపు జీతాల్లో, బస వసతుల్లో, పెళ్ళి సంబంధాల్లో చాలాకాలం కనిపించింది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ల మీదా అదే చూపు పడింది.

1946లో దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వచ్చిన భోర్ కమిటీ నివేదిక ఈ చిన్నచూపు ఖరీదును అంకెల్లో పెట్టింది. దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు ఉంటే, 43,000 మందికి ఒక నర్సు. ప్రపంచంలో చాలాచోట్ల డాక్టర్ల కన్నా నర్సులు ఎక్కువుంటారు, ఇక్కడ వరస తిరగబడింది. ఆ ఏడాదే వేలూరులోనూ ఢిల్లీలోనూ నర్సింగ్‌లో డిగ్రీ చదువు మొదలైంది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. జహీరాబాద్ లాంటి తాలూకా కేంద్రం దాకా ఇదంతా దిగిరావడం మాత్రం నెమ్మదిగా జరిగింది. 1986లో వైద్య విధాన పరిషత్ చట్టం చేసి తాలూకా, జిల్లా ఆసుపత్రులను దాని కిందికి తెచ్చాక ఏరియా ఆసుపత్రి అనే అంచె నిలదొక్కుకుంది. అప్పటినుంచి సిజేరియన్, హెర్నియా, అపెండిక్స్ లాంటివాటికి బీదరు బస్సో హైదరాబాదు బస్సో ఎక్కక్కర్లేని ఇళ్ళు పెరుగుతూ వచ్చాయి.

ఇక పని సంగతి. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నుంచి సిస్టర్‌కు అసలు పరీక్ష తిండి దగ్గర మొదలవుతుంది. 1946లో న్యూయార్క్‌లో కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి, మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన కేసులు 66 అని తేల్చాడు. పరగడుపు నియమం అప్పటినుంచి గట్టిపడింది: గట్టి ఆహారానికి కనీసం ఆరు గంటలు, మంచినీళ్ళకు రెండు గంటలు. రాయడం తేలిక. మన ఇళ్ళల్లో శనివారం ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు కూడా చాయ్, పాలు, పండు తీసుకుంటారు, దాన్ని ఎవరూ తినడంగా లెక్కపెట్టరు. అందుకని ఎరిగిన సిస్టర్ ఏమైనా తిన్నావా అని అడగదు. “పొద్దున చాయ్ తాగినవా అవ్వా?” అంటుంది. “చాయే కదమ్మా, బిస్కెట్ కూడా ముట్టలే” అని జవాబొస్తుంది. పాలు కలిపిన చాయ్‌ను మత్తు డాక్టర్లు గట్టి ఆహారంతో సమానంగా చూస్తారు. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది.

తరవాత నగలు. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, మెళ్ళో పుస్తెలు. కరెంటుతో రక్తనాళాలను మాడ్చే పరికరం వాడే ఆపరేషన్లలో ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉందని అందరికీ చెబుతారు. ముత్తయిదువ పుస్తెలు తియ్యనంటుంది. తాడుకు పసుపు కొమ్ము కట్టి పుస్తెలు అత్తగారి చేతికిచ్చే ఏర్పాటును ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు, చాలా వార్డుల్లో అదే నడుస్తుంది. మెట్టెలు ఏళ్ళ తరబడి వేలికి బిగిసిపోయి ఉంటే సబ్బు రాసి తిప్పి తీస్తారు, రాకపోతే టేపు చుడతారు. గోరింటాకు ముదురుగా పండిన వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ అంకె సరిగ్గా రాకపోవచ్చు. అప్పుడు కాలివేలో చెవితమ్మో వెతుక్కోవాలి. సంతకమో వేలిముద్రో తీసుకునే కాగితంలో ఏముందో చదివి చెప్పేదీ తరచుగా సిస్టరే, అదీ తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ కలగలిసిన ఊళ్ళో.

థియేటర్ లోపల నర్సు పనిలో కనిపించని బరువు లెక్క. రక్తంతో తడిసిన మాప్‌లను నేలమీద పరిచిన షీటుపై అయిదేసి చొప్పున విడివిడిగా పరుస్తారు. ముద్దగా పడేస్తే రెండు ఒకటిగా కనిపిస్తాయి. కడుపు మూసేముందు బోర్డు మీద రాసిన అంకె, నేలమీది అంకె, బల్ల మీద మిగిలిన అంకె కలవాలి. కలవకపోతే సర్జన్ ఎంత తొందరలో ఉన్నా సూది ఆగాలి. ఈ ఆగాలన్న అధికారం నర్సుకు చాలాకాలం మాటవరసకే ఉండేది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా జాబితా తెచ్చి దాన్ని కాగితం మీదికి ఎక్కించింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడిచూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, ఇతర చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ దాటకముందు మూడు చోట్ల ఆగి గట్టిగా పలకాలి. చివరి విడతలో లెక్క సరిపోయిందని నోటితో చెప్పాల్సింది నర్సే.

థియేటర్ బయటికొచ్చిన రోగిని వార్డుకు పంపవచ్చో లేదో చూడటానికి 1970లో అల్డ్రెటె అనే మత్తు డాక్టరు ఒక పట్టిక రాశాడు. కాళ్ళూచేతుల కదలిక, ఊపిరి, రక్తపు పోటు, తెలివి, ఒంటిరంగు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు, మొత్తం పది. తొమ్మిది వస్తే పంపవచ్చు. లారీ, లండన్ వైద్యులు కొట్లాడుకున్న ఊపిరి, రక్తప్రసరణ ఇందులో పక్కపక్కనే, సమానమైన మార్కులతో కూర్చున్నాయి. ఆ మార్కులు సాధారణంగా నర్సే వేస్తుంది.

వార్డులో తరవాతి రెండు రోజులు మూడు ప్రశ్నలతో గడుస్తాయి. మూత్రం వచ్చిందా, గ్యాస్ పోయిందా, లేచి నాలుగడుగులు వేసిందా. మొదటిది మూత్రపిండాల గురించి, రెండోది పేగుల గురించి, మూడోది కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టకుండా. పూర్వం ఆపరేషన్ అయినవాళ్ళను వారం పైనే మంచం దిగనిచ్చేవారు కారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మంచాలు చాలక తొందరగా లేపితే వాళ్ళే బాగున్నారని తెలిసింది. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. లేస్తే కుట్లు తెగుతాయంటారు, బాలింతకు నీళ్ళు ఎక్కువ తాగనివ్వరు, కందిపప్పు పెడితే చీము పడుతుందంటారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలని సిస్టర్ చెబుతుంది, పక్క మంచం మీది అవ్వ కారం అన్నమే మేలంటుంది. ఈ వాదులాటలో ప్రతిసారీ సిస్టరే గెలుస్తుందని చెప్పలేను. రాత్రి పక్కన ఉండేది అవ్వ కదా. గుడ్డు దగ్గర మాత్రం ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

ఈ సేవల అవసరం మరే రాష్ట్రంలోనూ లేనంతగా తెలంగాణలో పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతమైతే, తెలంగాణలో 60.7. అంటే కాన్పు వార్డే ఆపరేషన్ వార్డయింది. అవసరం లేని కోతలు తగ్గించడానికి 2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫ్ శిక్షణకు ఎంచుకున్నదీ నర్సులనే. 2024 జనవరి 31న ఒక్కరోజే 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లకు ప్రభుత్వం నియామక పత్రాలిచ్చింది.

సంఖ్య సరిపోయినంత మాత్రాన సేవ సరిపోదని 2022లోనే తెలిసింది. ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో 34 మంది ఆడవాళ్ళకు లాపరోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇళ్ళకు వెళ్ళాక నలుగురు రోజుల వ్యవధిలో చనిపోయారు. మిగతావాళ్ళను హైదరాబాదు ఆసుపత్రులకు తరలించారు. ఇన్ఫెక్షనే కారణమన్నది విచారణలో బయటపడిన సంగతి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఇవే ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా పోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒక బృందం మూడు లాపరోస్కోపులతో రోజుకు ముప్పైకి మించి చేయకూడదన్న కేంద్ర నియమం అంతకు ముందునుంచీ ఉంది. ఆ ముప్పై అంకె వెనక ఉన్నది గడియారం. ఒక రోగికి వాడిన స్కోపును కడిగి, రసాయన ద్రావణంలో ఇరవై నిమిషాలు పూర్తిగా ముంచి, మళ్ళీ శుద్ధమైన నీటితో కడిగాకే మరొకరికి వాడాలి. బయట వరసలో ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు, సర్జన్ చేతులు కడుక్కుని నిలబడి ఉంటాడు. ఇంకా పన్నెండు నిమిషాలే అయిందని చెప్పాల్సింది ద్రావణం తొట్టి దగ్గరున్న మనిషి.

కోత చిన్నదైతే ఆపరేషన్ చిన్నదన్న నమ్మకం కూడా ఇక్కడ తోడయింది. కడుపు మీద రెండు చిన్న గాట్లే కనిపిస్తాయి కాబట్టి ఇంటికి చేరాక వచ్చిన వాంతులు, జ్వరం తిన్నది పడక వచ్చాయనుకోవడం ఇంట్లోవాళ్ళకు సులువు. కడుపు ఉబ్బి గట్టిపడటం, మూత్రం తగ్గడం, ఊపిరి వేగం పెరగడం, నొప్పి తగ్గాల్సిన రోజున పెరగడం ఇన్ఫెక్షన్ లోపల పాకుతోందనడానికి గుర్తులు. నర్సు వీటి కోసమే వార్డులో పూటపూటకూ చార్టు నింపుతుంది. డిశ్చార్జి రోజున ఆ చార్టు ఆసుపత్రిలోనే ఉండిపోతుంది, కనిపెట్టుకుని ఉండే పని మొత్తం ఇంట్లోవాళ్ళ చేతికి మారుతుంది. చీటీ మీద మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. జహీరాబాద్ వైపు ఊళ్ళల్లో అయితే ఈ నాలుగు గుర్తులనూ ఒక ఇంట్లో తెలుగులో, పక్కింట్లో దక్కనీ ఉర్దూలో, తండాలో లంబాడీలో, సరిహద్దు పల్లెలో కన్నడంలో చెప్పాలి. రోగితో కాకుండా రాత్రి రోగి పక్కన పడుకునే మనిషితో చెప్పాలి, తిరిగి చెప్పించుకోవాలి.